టోర్నమెంట్‌లో బ్లఫ్: మీ ముఖం సంగతి తర్వాత, ముందు ఎదుటివాడి చిప్స్ చూడండి

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీది గుంటూరు, బ్రాడీపేట. సంక్రాంతికి ఇంట్లో మూడు ముక్కలాట ఆడుతూ పెరిగారు, బ్లైండ్‌లో (ముక్కలు చూడకుండా) బెదిరించడంలో చుట్టాల్లో మంచి పేరుంది. ఈమధ్య గోవా వెళ్ళి ఒక పోకర్ టోర్నమెంట్ ఆడారు. ఇంకో ముగ్గురు ఔటైతే ప్రైజ్ మనీ వస్తుందనగా పెద్ద బ్లఫ్ (బలం లేకున్నా ఉన్నట్టు పందెం వేసి బెదిరించడం) వేసి దొరికిపోయారు. ఇప్పుడు మీ సందేహాలు మూడు: నా ముఖంలో ఏం కనపడింది, ఎన్ని హ్యాండ్లకి (ఒకసారి ముక్కలు పంచి ఆడితే ఒక హ్యాండ్) ఒక బ్లఫ్ వేయాలి, ఇక్కడే ఉండి ప్రాక్టీస్ ఎలా చేయాలి.

మొదటిదానికి సూటిగా చెప్తాను. మీ ముఖంలో ఏమీ కనపడలేదు. కనపడినా మిమ్మల్ని పట్టుకున్న ఆయనకి దాంతో పనిలేదు. మీరు రాసిన హ్యాండ్ చదివితే, నల్ల కళ్ళద్దాలు, టోపీ, మాస్క్ అన్నీ పెట్టుకుని కూర్చున్నా ఆయన కాల్ చేసేవాడే (మీ పందెంతో సమానంగా వేసేవాడే) అనిపిస్తుంది. బ్లఫ్ వేయకూడని మనిషి మీద వేశారు. నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు మూడు ముక్కలాట అలవాటు గురించి. అందులో బ్లైండ్ ఆడేవాడికి నిబంధనే సాయం చేస్తుంది. ముక్కలు చూసి ఆడేవాడు బ్లైండ్‌వాడు వేసినదానికి రెట్టింపు వేయాలి. అంటే మీ బెదిరింపు సగం ధరకి వస్తోంది. పైగా టేబుల్ మీద ఒక్క ముక్క కూడా తెరిచి ఉండదు కాబట్టి మీరు చెప్పే కథ నిజమో కాదో సరిచూసుకునే దారి ఎదుటివాడికి లేదు. మీరు గోవాలో ఆడిన పోకర్‌లో, అంటే హోల్డెమ్‌లో, అందరికీ ఒకే ధర. ఐదు ముక్కలు బోర్డు మీద అందరి ముందూ ఉంటాయి. ఫ్లాప్‌లో (మొదటి మూడు ముక్కలు) ఎంత వేశారు, టర్న్‌లో (నాలుగోది) ఎంత వేశారు, ఆ ముక్క వస్తే నిజంగా బలమున్నవాడు అలా వేస్తాడా అని ఎదుటివాడు ఒక్కో అడుగూ సరిచూసుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆట అంటూ, మూడు ముక్కలాటని మాత్రం పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటగా పక్కన పెట్టింది. సంక్రాంతికి మీరు గెలిచిన డబ్బులో మీ ధైర్యానికి ఎంత వాటా, నిబంధనకి ఎంత వాటా అన్నది మీరే ఆలోచించుకోండి.

ఇక మీ హ్యాండ్. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే చిన్న, పెద్ద పందేలు) 1,000–2,000, దాని మీద బిగ్ బ్లైండ్ యాంటీ (పెద్దది వేసేవాడు అదనంగా కట్టేది) 2,000. మీ దగ్గర 50,000. ఆఠీన్ జాకీ, ఆఠీన్ పదితో 4,400కి రెయిజ్ చేశారు (పందెం పెంచారు). బిగ్ బ్లైండ్‌లో ఉన్న చిప్ లీడర్, దాదాపు 1,80,000 ఉన్న మనిషి, కాల్ చేశాడు. పాట్ (మధ్యలో చేరిన మొత్తం) 11,800. ఫ్లాప్ ఆఠీన్ రాజు, ఇస్పేట్ తొమ్మిది, ఆఠీన్ నాలుగు. మీరు 4,000 వేశారు, కాల్. టర్న్ డైమండ్ తొమ్మిది. మీరు 12,000 వేశారు, మళ్ళీ కాల్. రివర్ (ఐదో ముక్క) కళావర్ రెండు. పాట్‌లో 43,800 ఉంటే మిగిలిన 29,600 తోసేశారు. ఆయన కాసేపు ఆలోచించి రాజు, ఎనిమిది చూపించాడు. మీరు ఔట్.

ఫ్లాప్‌లో వేసింది బాగుంది. ఫ్లాప్‌కి ముందే రెయిజ్ చేసిన మీకు రాజు ఉన్న బోర్డు సహజంగానే అనుకూలం, చేతిలో ఫ్లష్ డ్రా (ఒకే రంగు ఐదు ముక్కలకి ఒకటి తక్కువ) ఉంది, పందెం చిన్నది. టర్న్ దగ్గర దారి తప్పింది. తొమ్మిది జత కావడం వల్ల ఆయన దగ్గరున్న రాజు బలహీనపడలేదు. చెక్ చేసి (పందెం వేయకుండా ఊరుకుని) ఉంటే రివర్ ఉచితంగా చూసేవారు. తొమ్మిది ఆఠీన్లు, స్ట్రెయిట్ (వరసగా ఐదు) పూర్తిచేసే మిగతా మూడు రాణులు కలిపి 46 ముక్కల్లో 12 మీకు పనికొస్తాయి. నాలుగింట ఒక వంతుకి కాస్త ఎక్కువే. దాన్ని వదిలేసి, ఫోల్డ్ చేయని (ముక్కలు వదిలేయని) మనిషి చేత 12,000 కట్టించుకుంటూ మీరూ 12,000 కట్టారు.

రివర్ ఆల్ ఇన్ (ఉన్నదంతా తోసేయడం) లెక్క చూడండి. మీరు 29,600 పెట్టి 43,800 గెలవాలనుకుంటున్నారు. 29,600ని రెండూ కలిపిన 73,400తో భాగిస్తే 40 శాతం వస్తుంది. ఆయన పదిసార్లలో నాలుగుసార్లు ఫోల్డ్ చేస్తే మీకు లాభం లేదు, నష్టం లేదు. అంతవరకు పర్వాలేదనిపిస్తుంది. ఇప్పుడు ఆయన సీట్లో కూర్చోండి. 29,600 కడితే మొత్తం 1,03,000 వస్తాయి. తన ఊహ పదిసార్లలో మూడుసార్లు నిజమైనా చాలు. ఓడితే 1,30,000 మిగులుతాయి, అప్పటికీ మీకంటే పెద్ద ఆయనే. బోర్డు మీద ఆఠీన్ డ్రా విఫలమైందని కళ్ళకి కనపడుతోంది. 'ఈ కుర్రాడిది పోయిన ఫ్లష్ డ్రానే' అనుకోవడానికి అంతకన్నా కారణం ఏం కావాలి? ఇంకో సూక్ష్మం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. మీ చేతిలోనే రెండు ఆఠీన్లున్నాయి. కాబట్టి ఆయన దగ్గర విఫలమైన ఆఠీన్ డ్రా ఉండే అవకాశం తగ్గింది. మీ ఆల్ ఇన్‌కి హాయిగా ఫోల్డ్ అయ్యే ముక్కలు అవే కదా. పోయిన ఫ్లష్ డ్రా పట్టుకుని రివర్‌లో బ్లఫ్ వేయడం ఎంత సహజంగా అనిపిస్తుందో అంత బలహీనమైనది. అలాంటి బోర్డు మీద బ్లఫ్ వేయాలంటే ఆఠీన్ లేని ముక్కలే మేలు.

ఇదే ఆల్ ఇన్ ఆ రోజు ఆ టేబుల్‌లో మీలాగే 40,000, 50,000తో ప్రైజ్ మనీ కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు ఎవరైనా ఉండి, వాళ్ళ మీద వేసి ఉంటే కథ వేరుగా ఉండేది. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో బేరం చూసే ఉంటారు. 'అయితే వద్దులే' అని మెట్లు దిగితే ఇంకా బోణీ కాని కొట్టువాడు వెనక్కి పిలుస్తాడు, కొట్టు నిండా జనం ఉన్నవాడు తల కూడా ఎత్తడు. మీ నటన రెండు చోట్లా ఒకటే.

టోర్నమెంట్‌కి, మామూలు క్యాష్ గేమ్‌కి (చిప్స్ నేరుగా డబ్బే అయిన ఆటకి) తేడా ఎక్కడ వస్తుందో అంకెల్లో చూపిస్తాను, ఇది కాస్త నెమ్మదిగా చదవండి. నలుగురు మిగిలారు, ముగ్గురికే ప్రైజ్. మొత్తం లక్ష రూపాయలు: 50,000, 30,000, 20,000. నలుగురి దగ్గరా సమానంగా చిప్స్ ఉన్నాయి. అప్పుడు ఒక్కొక్కరి స్థానం విలువ 25,000 రూపాయలు. మీరు ఒకరి ఆల్ ఇన్‌ని కాల్ చేసి గెలిచారనుకోండి, మీ చిప్స్ రెట్టింపవుతాయి. మీ స్థానం విలువ రెట్టింపవుతుందా? కాదు. ఇప్పుడు మొత్తం చిప్స్‌లో సగం మీవే అయినా మొదటి స్థానం ఖాయం కాదు, అవకాశం సగమే. రెండో స్థానం మూడింట ఒక వంతు, మూడోది ఆరింట ఒక వంతు. కలిపితే 38,333 రూపాయలు. అంటే గెలిస్తే పెరిగేది 13,333, ఓడితే పోయేది 25,000. ఆ కాల్ గిట్టుబాటు కావాలంటే 65 శాతం గెలుపు అవకాశం ఉండాలి. క్యాష్ గేమ్‌లో అయితే 50 శాతం చాలు. (మధ్యలో ఉన్న బ్లైండ్స్‌ని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు, అవి కలిస్తే కొద్దిగా తగ్గుతుంది.)

65 శాతం అంటే ఎంతో తెలుసా? ఆసు, రాజు వేర్వేరు రంగుల్లో పట్టుకుని, ఎదుటివాడు గుడ్డిగా ఏ రెండు ముక్కలతో తోసినా మీ గెలుపు అవకాశం ఇంచుమించు అంతే. అంటే పక్కవాడు ముక్కలు చూడకుండా ఆల్ ఇన్ అన్నాడని మీకు ముందే తెలిసినా, ఆసు-రాజుతో కాల్ చేయడం అక్కడ అంచు మీద నడకే. ఈ లెక్క పద్ధతినే పోకర్‌వాళ్ళు ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. సూత్రం మీరు నోటికి పట్టక్కర్లేదు. దాని ఫలితం పట్టుకుంటే చాలు: బబుల్ (ఇంకొద్దిమంది ఔటైతే ప్రైజ్ వచ్చే దశ) దగ్గర కాల్ చేసేవాడి మీద పడే బరువు చాలా ఎక్కువ, అందుకే ముందు తోసినవాడిదే పైచేయి. ఇద్దరూ సమాన చిప్స్‌తో ఉన్నప్పుడు ఆ బరువు మీ మీద కూడా ఉంటుంది, మరిచిపోకండి. కానీ మీరు ముందు తోస్తే ఆయన దగ్గర నిజమైన ముక్కలు ఉండాలి, మీ దగ్గర ఉండక్కర్లేదు.

అయితే ఎవరి మీద వేయాలి? మధ్యస్థంగా చిప్స్ ఉన్నవాళ్ళ మీద. తమకంటే చిన్న స్టాక్‌లు (చిప్స్ నిల్వలు) రెండు మూడు ఇంకా బతికి ఉన్నాయని తలెత్తి లెక్కపెట్టుకునేవాళ్ళ మీద. గడియారం చూసేవాళ్ళు, ఇంకా ఎంతమంది మిగిలారని డీలర్‌ని పదేపదే అడిగేవాళ్ళు, పక్క టేబుల్‌లో ఎవరైనా ఔటయ్యారా అని లేచి నిలబడి చూసేవాళ్ళు. ముఖం చదవడం అంటే నా దృష్టిలో ఇదే. కనుబొమ్మ కదిలిందా, గుటక వేశాడా అని చూడటం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఎవరి మీద వేయకూడదు? మూడు నాలుగు బిగ్ బ్లైండ్లే మిగిలినవాడి మీద వద్దు, అతను ఎలాగూ ఏదో ఒకదానితో తెగించాలని నిర్ణయించుకుని ఉంటాడు, పైగా బిగ్ బ్లైండ్ తన వంతైతే అప్పటికే సగం పాట్‌లో వేసి ఉంటాడు. చిప్ లీడర్ మీద వద్దు, కారణం పైన చూశారు. 'చూద్దాం ఏముందో' అని కాల్ చేసేవాడి మీద అసలు వద్దు. మన వైపు ఇలాంటివాళ్ళు ఎక్కువ. వీళ్ళకి డబ్బు పోయినా బాధ లేదు, బ్లఫ్ తిన్నామంటే మాత్రం రాత్రి నిద్ర పట్టదు. వీళ్ళ దగ్గర మంచి ముక్కలు వచ్చినప్పుడు పెద్దగా వేసి తీసుకోవడమే, నటనతో పని లేదు. రీ-ఎంట్రీ తెరిచి ఉన్నంతసేపు పెద్ద బ్లఫ్‌లు ఎవరి మీదా వద్దు. పోతే మళ్ళీ కట్టి కూర్చోవచ్చు అనుకునేవాడికి భయం ఎక్కడిది?

ఇక ఎన్ని హ్యాండ్లకి ఒకటి అన్న ప్రశ్న. ప్రశ్న అలా వేయకూడదు, కానీ రివర్‌కి మాత్రం ఒక కొలత ఉంది. పాట్ అంత పందెం వేస్తే కాల్ చేసేవాడికి మూడింట ఒకసారి నిజమైతే చాలు. కాబట్టి రెండు నిజమైన హ్యాండ్లకి ఒక బ్లఫ్. సగం పాట్ వేస్తే మూడింటికి ఒకటి. లెక్కగా ఆడేవాళ్ళ మధ్య ఇది. మీరు ఆడే స్థాయిలో ఇంకా తగ్గించండి. రివర్ బ్లఫ్ అనేదే మీ బ్లఫ్‌లలో అన్నిటికంటే అరుదైనదిగా ఉండాలి.

ఎందుకంటే టోర్నమెంట్‌ని నిలబెట్టేవి చిన్న బ్లఫ్‌లు. మీ లెవెల్‌నే తీసుకోండి. ప్రతి హ్యాండ్‌లోనూ ఎవరూ ముక్క చూడకముందే మధ్యలో 5,000 ఉంది: 1,000, 2,000, యాంటీ 2,000. 4,400కి రెయిజ్ చేసి అందరూ వదిలేస్తే మీ 50,000కి పది శాతం కలిసినట్టు. ఫ్లాప్ వచ్చాక మీరు ఒక్కసారి కూడా గెలవరనుకున్నా, 47 శాతం సార్లు అందరూ వదిలేస్తే ఖర్చు వచ్చేస్తుంది. తొమ్మిదిమంది టేబుల్‌లో ఒక చుట్టు తిరిగేసరికి బ్లైండ్స్, యాంటీ కింద మీకు పోయేది కూడా సరిగ్గా 5,000. అంటే చుట్టుకి ఒక్క దొంగతనం ఫలిస్తే మీరు కరిగిపోకుండా నిలబడతారు. బటన్ (డీలర్ గుర్తు ఉన్న సీటు) మీద, దానికి ముందు ఆడే సీట్లో ఉన్నప్పుడు, వెనక ఉన్న ఇద్దరు ముగ్గురు బిగుసుకుని కూర్చున్నవాళ్ళయితే ఈ అవకాశం వదలకండి. ఆసు ఒకటి చేతిలో ఉంటే ఇంకా మంచిది, ఎదుటివాళ్ళ దగ్గర జత ఆసులు ఉండే అవకాశం సగానికి పడిపోతుంది. వీటి గురించి ఎవరూ వీడియోలు చేయరు, చూడటానికి బాగోవు కాబట్టి.

వీడియోల మాట వచ్చింది కాబట్టి, మీరు ప్రస్తావించిన 2003 హ్యాండ్ గురించి. లాస్ వెగాస్ వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్, 839 మంది ఆడారు, చివరికి ఇద్దరే మిగిలారు: టెన్నెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, ప్రొఫెషనల్ శామీ ఫర్హా. మనీమేకర్ చేతిలో ఇస్పేట్ రాజు, ఆఠీన్ ఏడు. బోర్డు ఇస్పేట్ తొమ్మిది, డైమండ్ రెండు, ఇస్పేట్ ఆరు, టర్న్ ఇస్పేట్ ఎనిమిది, రివర్ ఆఠీన్ మూడు. ఫర్హా దగ్గర తొమ్మిది జత, ఇస్పేట్ రాణి. రివర్‌లో మనీమేకర్ ఏమీ లేకుండా ఆల్ ఇన్ తోశాడు, ఫర్హా చాలాసేపు ఆలోచించి వదిలేశాడు. తర్వాత మనీమేకరే గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్ళాడు.

ఆ హ్యాండ్‌ని అందరూ గుండె ధైర్యానికి ఉదాహరణగా చెప్తారు. నేను చూసేది టర్న్. ఎనిమిది రాగానే అతనికి ఇస్పేట్ ఫ్లష్‌కి ఒక్క ముక్క తక్కువ, ఆరు-ఏడు-ఎనిమిది-తొమ్మిదితో స్ట్రెయిట్‌కి కూడా ఒక్క ముక్కే తక్కువ. అప్పుడు పందెం పెంచితే ఎదుటివాడు కాల్ చేసినా గెలిచే దారులున్నాయి, దీన్నే సెమీ బ్లఫ్ అంటారు. బోర్డు మీద మూడు ఇస్పేట్లు కనిపిస్తుంటే జతలో ఉన్నవాడికి భయపడటానికి నిజమైన కారణం ఉంది, పైగా ఇస్పేట్ రాజు మనీమేకర్ దగ్గరే ఉంది. మీ హ్యాండ్‌తో తేడా చూశారా? అతని బోర్డు మీద ఫ్లష్ పూర్తయ్యే మూడు ముక్కలు ఉన్నాయి, మీ బోర్డు మీద పూర్తికాని రెండే ఉన్నాయి. ఇంకో సంగతి, ఇద్దరే మిగిలినప్పుడు నేను పైన చెప్పిన ఐసీఎం బరువు ఉండదు, రెండో స్థానం డబ్బు ఇద్దరికీ ఖాయం. కాబట్టి దాన్ని చూసి బబుల్ దగ్గర అనుకరించడం తప్పు లెక్క.

ముఖం గురించి అడిగారు కాబట్టి ఒక్క మాట. బలమున్నా లేకపోయినా ఒకే సమయం తీసుకోండి, పందెం ఒకే పద్ధతిలో వేయండి, నోరు అదుపులో పెట్టుకోండి. మన కృష్ణా, గుంటూరు జిల్లాలవాళ్ళకి టేబుల్ దగ్గర మాట ఆగదు, అదొక్కటే నిజమైన టెన్షన్. ఇంటి ఆటలో అలవాటైన ఇంకొకటి కూడా వదలాలి. చిప్స్ కొన్ని ముందుకు తోసి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకెళ్ళి ఇంకొన్ని తెచ్చి వేయడం టోర్నమెంట్‌లో చెల్లదు. దాన్ని మామూలు కాల్‌గా తీసుకుంటారు. ఎదుటివాడి పందెం మీద నోరు తెరిచి చెప్పకుండా ఒక్క పెద్ద చిప్ పడేసినా కాల్ కిందే లెక్క. ఎంత గొప్ప బ్లఫ్ అయినా అక్కడే చచ్చిపోతుంది. ముందు అంకె చెప్పి తర్వాత చిప్స్ ముట్టుకోండి.

ప్రాక్టీస్. 2020లో మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లని నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని ఆపేస్తూ చట్టం తెచ్చింది. వీపీఎన్ పెట్టుకుని బయటి సైట్లలో ఆడొచ్చని ఎవరైనా చెప్తే వినకండి. ఇక్కడ ఇళ్ళలో, లాడ్జీల్లో డబ్బు పెట్టి ఆడే టేబుల్స్ జోలికి అంతకన్నా వెళ్ళకండి. మిగిలేది ఉచిత చిప్స్ ఆట. దాంట్లో ఒక పెద్ద లోపముంది, పోయేది ఏమీ లేకపోతే ఎవడూ ఫోల్డ్ చేయడు, ఫోల్డ్ చేయని చోట బ్లఫ్ నేర్చుకోవడం కుదరదు.

మా విజయవాడ గవర్నర్‌పేట గుంపులో దీనికి ఒక ఏర్పాటు ఉంది. ఎనిమిదిమంది కూర్చుంటాం, డబ్బు ప్రసక్తి లేదు. ముందు ఔటైన ఐదుగురు కలిసి గిన్నెలు కడిగి, గది ఊడ్చి, మిగిలిన ముగ్గురికీ టీ పెట్టి ఇవ్వాలి. నవ్వకండి. నలుగురు మిగిలాక గిన్నెల గుట్ట చూసి మా బ్యాంకు మేనేజర్ జత పదులు కూడా ఫోల్డ్ చేశాడు. బబుల్ ఒత్తిడి అంటే ఏమిటో, ఎవరు దానికి వంగుతారో, ఎవరు పట్టించుకోరో అక్కడ ఉచితంగా కనపడుతుంది. బ్లైండ్స్ పావుగంటకి ఒకసారి పెంచండి, లేకపోతే తెల్లారిపోతుంది.

ఇంట్లో ఒంటరిగా చేయదగ్గది ఐసీఎం కాలిక్యులేటర్‌తో కసరత్తు. నలుగురి స్టాక్‌లు మార్చి మార్చి వేసి, ఎవరికి కాల్ చేయడం ఎంత ఖరీదవుతుందో చూడండి. ముందు మీరు ఊహించి కాగితం మీద అంకె రాసి, తర్వాత జవాబు చూడాలి. గోవా నుంచి వచ్చేటప్పుడు అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో గుంటూరు చేరేదాకా బోలెడు సమయం ఉంటుంది. ఆడిన ప్రతి బ్లఫ్‌కీ నాలుగు సంగతులు రాసుకోండి: ఎదుటివాడి స్టాక్ ఎంత, ఓడితే అతనికి ఎంత మిగిలేది, అతనికంటే చిన్న స్టాక్‌లు ఇంకా ఎన్ని ఉన్నాయి, బోర్డు మీద డ్రా పూర్తయిందా విఫలమైందా. ఈసారి హ్యాండ్ రాసి పంపేటప్పుడు ఈ నాలుగూ రాయండి. ఆ టేబుల్‌లో మిగతావాళ్ళ స్టాక్‌లు కూడా గుర్తుంటే కలపండి, మీరు రాసినదాంట్లో అవి లేవు.